మబ్బుల మేడలు – మండువా లోగిళ్లు



మన ప్రబంధములలో కథ నడచుటకు ముందు పురవర్ణన ముండుట మీరెఱిగినదే. చిన్ననాట మా నాయనగారు నన్ను వసారాలో కూర్చుండబెట్టుకొని మనుచరిత్రము చెప్పునపుడు, అరుణాస్పదపురమున మేడలెంత యున్నతములో వినుచు, "నాన్నగారూ! ఇంత యెత్తు మేడలు నిజముగా నుండునా?" యని యడిగెడిదానను. ఆయన నవ్వి, "అతిశయోక్తి కవులకు సొమ్ము తల్లీ! మేడ మబ్బులను తాకెనన్నచో మేడ పొడుగని మాత్రము గ్రహింపవలెను" అని చెప్పెడివారు. ఇన్నేండ్లకు ఆ మాట తప్పినది. ఒకనాటి యుదయమున వంటింటిలో నుండగా మా చెల్లెలు చీనా దేశము నుండి ఫోనులో వార్త పంపెను: "అక్కా! నా యెదుట నున్న మేడ పైసగము మబ్బులోనే యున్నది. కింది సగము మాత్రమే కనబడుచున్నది." నేను పొయ్యి తగ్గించి ఆ ఛాయాచిత్రమును చాలసేపు చూచితిని. కవుల యతిశయోక్తి కొన్నిచోట్ల ఇప్పుడు వట్టి స్వభావోక్తి యైపోయినదని తోచినది.

మా చెల్లెలు హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నది. వయస్సు ఇరువదియెనిమిది. వీపునకొక సంచి తగిలించుకొని, తక్కువ కూలి సత్రములలో దిగుచు, బస్సులలోను రైళ్లలోను తిరుగుచు దేశములు చూడవలెనని దాని కోరిక. 2020లో నిలిచిపోయిన మన దేశపు చీనా దేశపు నడిమి విమానములు 2025 అక్టోబరులో మరల ప్రారంభమైనవని వినినది మొదలు దానికి నిదుర పట్టలేదు. మా యమ్మకు ఆ కబురు వినినది మొదలు నిదుర పట్టలేదు. "ఆడపిల్ల, ఒంటరిగా, భాష తెలియని దేశమా?" యని యామె. నేను మధ్యవర్తినైతిని. ప్రవరునకును ఊళ్లు చూడవలెనని యాస యుండెను గదా యని నేనన్నచో, మా యమ్మ వెంటనే, "ఔను, కాళ్లకు పసరు పూసికొని పోయినాడు. మంచులో అది కరిగిన తరువాత ఇంటికి వచ్చు దారి లేక ఎంత అవస్థపడినాడో ఆ సంగతి కూడ చెప్పవే" యనెను. పురాణకథ తెలిసిన తల్లితో వాదించుట సులభము కాదు. కడకు ప్రతిరాత్రియు చేరితినని వార్త పంపవలెననియు, రాత్రి ప్రయాణములు చేయరాదనియు కట్టడి చేసి, పూచీ నామీద వేసికొని పంపితిని. నలువది దినములు అది చూచినదానిని, నాకు వ్రాసినదానిని, వచ్చిన పిమ్మట మా యింట జరిగిన చర్చను ఈ నెల మీకు నివేదించుచున్నాను.

మొదట అది దిగినది షాంఘై నగరమున. ఇది మన కాశీవలె, కంచివలె ప్రాచీన క్షేత్రము కాదు. అట్లని నిన్న మొన్నటిదియు కాదు. సముద్రపు దొంగల భయమున 1553లో ఆ యూరికి గోడ కట్టిరి. 1842 నాటి నాన్‌కింగు సంధి వలన మరుసటి యేట విదేశీయుల వర్తకమునకు తెరువబడి, ఆంగ్లేయులును ఫ్రెంచివారును తమ తమ పేటలు కట్టుకొనగా అది మహానగరమైనది. పాతగోడను 1912 మొదలుకొని పడగొట్టి వీధులు వేసిరి. హువాంగ్పూ నది కీవలి యొడ్డున ఆ పాత వర్తకుల రాతిభవనములు, ఆవలి యొడ్డున ఆకాశమును గ్రుచ్చు క్రొత్త మేడలు. ఆ యావలి యొడ్డును పుడాంగ్ అందురు. 1990లో ప్రభుత్వము దానిని వృద్ధి చేయ నిశ్చయించునప్పటికి అక్కడ నున్నవి చాలవఱకు పొలములు, గిడ్డంగులు, కర్మాగారములు. నేడు అచ్చట 2015లో పూర్తియైన షాంఘై టవరు 632 మీటర్ల యెత్తున, 128 అంతస్తులతో నిలిచియున్నది. మా చెల్లెలు చూచిన మబ్బుల మేడ యదియే. అనగా, మీలో నావయస్సు వారు లంగాలు కట్టుకొని ఆడుకొను దినములలో పొలమైన చోట నేడొక పట్టణము వెలసినదన్నమాట!

2020 జనగణన ప్రకారము షాంఘైలో నివసించువారు దాదాపు 2 కోట్ల 49 లక్షలు. ఇందఱును నిత్యము తిరుగుటకు భూమి క్రింద రైళ్లు నడచును. మొదటి దారి 1993లో తెఱచిరి. ఇప్పుడవి 800 కిలోమీటర్లకు మించినవి. రాత్రి పదిగంటలకు కూడ ఆడువారు ఒంటరిగా, వెనుకకు తిరిగి చూడకుండ నడచిపోవుచుండిరని చెల్లెలు వ్రాసెను. ఆ యొక్క వాక్యము మా యమ్మకు చదివి వినిపించితిని. ఆమె మారుమాటాడలేదు గాని, ఆ రాత్రి భోజనము సరిగా చేసినది.

డబ్బు సంగతి మఱియొక వింత. చిక్కుడుకాయలమ్ము ముసలియవ్వ మొదలు పెద్ద యంగడి వఱకు అందఱును ఫోనుతోడనే సొమ్ము పుచ్చుకొందురు. మన యూళ్లలోను ఆ చదరపు చుక్కల బొమ్మ తోపుడుబండ్లమీద వెలసినది కనుక మనకది క్రొత్తకాదు. అయినను చెల్లెలు కాగితపు నోటు నీయబోయినచో ఆ యవ్వ చిల్లర వెదకుటకు నాలుగు సంచులు తిరుగవేసెనట! భోజనమునకు తొలినాళ్ల నిబ్బంది పడినది. మాంసము లేనిది కావలెనని చెప్పుటకు చీనా లిపిలో నొక యక్షరము గలదు, దాని నుచ్చారణ "సూ". దానిని అరచేతనున్న ఫోనులో చూపిన పిమ్మట బౌద్ధుల శాకాహార భోజనశాలలును, ప్రొద్దుటిపూట సోయాచిక్కుడు పాలును, నూనెలో వేచిన పిండివంటయు దొరికినవి.

వారము దినములకే దాని మనస్సు విరిగినది. "అక్కా! అంతయు మెఱయుచున్నది. అంతయు వేగముగా నున్నది. కాని కూర్చుండి మాటలాడు అరుగు లేదు. ఈ యూరికి జ్ఞాపకము లేదు. నేను పాతయూళ్లకు పోయెదను" అని వ్రాసినది. పోవుటకు ముందురోజున మాత్రము దానికొక పాఠము లభించినది. అదియే ఈ వ్యాసమునకు మూలము కనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

షాంఘైలో మేడల నడుమ నచ్చటచ్చట పాత సందులు మిగిలియున్నవి. 1860ల నాటి యుద్ధకాలమున పల్లెల నుండి పారివచ్చిన జనముకొఱకు, చీనా వారి ముంగిలియిల్లును, ఆంగ్లదేశపు వరుసయిండ్లును కలిపి కట్టిన గృహములవి. ద్వారమునకు రాతిచట్ర ముండుటచే వానిని "శికూమెన్" అనగా రాతిద్వారపు టిండ్లని పిలుతురు. ఒక కుటుంబమునకై కట్టిన యింట తరువాతి కాలమున గదికొక కుటుంబము వచ్చి చేరినది. సందుకడ్డముగా వెదురుగడలపై ఆరవేసిన బట్టలు, వాకిట కూరలు తఱుగు స్త్రీలు, ముక్కాలిపీటలపై ముచ్చటలాడు వృద్ధులు. చెల్లెలు చూచి మురిసిపోయినది. అచ్చట దుప్పట్లు ఎండవేయుచున్న యొక వృద్ధురాలితో ఫోనులోని భాషాంతరీకరణ సాయమున మాటలు కలిపి, "మీ సందు ఎంత బాగున్నదమ్మా! దీనిని పడగొట్టి ఎత్తైన మేడలు కట్టుట యన్యాయము కాదా?" యని యడిగినది.

ఆ వృద్ధురాలు తాను చెప్పదలచినదానిని ఫోనులో నిదానముగా చెప్పినదట. "అమ్మాయీ! నేనీయింటికి కోడలుగా వచ్చిన నాటినుండి మా గదికి మరుగుదొడ్డి లేదు. మూతగల కొయ్యతొట్టియే గతి. తెల్లవాఱకముందే దానిని మోసికొనిపోయి పోసి, వెదురుచీపురుతో కడిగి తెచ్చుట ఆడువారి పని. చలికాలమున వ్రేళ్లు కొంకరలు పోయెడివి. వంటగది నాలుగిండ్లకొకటి. నీళ్లు కొళాయిదగ్గఱ తగవులాడి పట్టుకొనవలెను. నాకూతురు క్రొత్తమేడలో పదునాలుగవ అంతస్తున నున్నది. అచ్చట దొడ్డియున్నది, వేడినీళ్లున్నవి. అక్కడికి పోయినచో నాకు ప్రక్కయింటివారి పేరు తెలియదు. ఇక్కడ నున్నచో పొరుగువారికి నా దగ్గుగూడ తెలియును. నాకు రెండును కావలెను. ఎవరును రెండును ఇచ్చుట లేదు" అని.

ఆ రాత్రి చెల్లెలు నాకు వ్రాసిన వార్తలో మునుపటి గర్వము లేదు. "అక్కా, నేను ఛాయాచిత్రము తీసికొని వచ్చివేయుదును. ఆ తొట్టి కడుగునది ఆమె కదా" అని మాత్రము వ్రాసినది.

తరువాత నది రైలెక్కి, పదునైదువందల కిలోమీటర్ల దూరమును ఆఱేడుగంటలలో దాటి షియాన్ చేరినది. ఇదియే ప్రాచీనమైన చాంగాన్, తాంగు చక్రవర్తుల రాజధాని. ఇప్పుడు నిలిచియున్న కోటగోడ మింగు వంశపు కాలమున, 1370ల నాటిది. చుట్టుకొలత 13 కిలోమీటర్లకు పైబడి, ఎత్తు 12 మీటర్లు. పైన రెండు బండ్లు ప్రక్కప్రక్కగా పోవునంత వెడల్పు. చెల్లెలు అద్దెకొక సైకిలు తీసికొని కోటగోడమీద ఊరిచుట్టు ప్రదక్షిణము చేసినది. పురవర్ణనలోని ప్రాకారమనగా నేమో ఆనాడు కాళ్లనొప్పులతో తెలిసెనని వ్రాసినది. గోడలోపల గంటల గోపురము, నగారా గోపురము, ముసల్మానుల పేట. గోడవెలుపల మఱల నెత్తైన మేడలే. పాతయూరన్నది క్రొత్తయూరి నడుమ నొక పెట్టెవలె నున్నదట.

ఈ నగరముతో మన తెలుగుదేశమునకు పాతచుట్టఱిక మొకటి కలదు. యువాన్ చ్వాంగ్ అను బౌద్ధభిక్షువు ఏడవ శతాబ్దమున ఇచ్చటినుండియే బయలుదేరి భారతదేశమంతయు తిరిగెను. ఆయన మన ఆంధ్రదేశమును చూచి తన గ్రంథమున వర్ణించెను. కృష్ణాతీరమున అమరావతి ప్రాంతమైన ధాన్యకటకమున కొన్ని నెలలుండి అచ్చటి భిక్షువులయొద్ద అభిధర్మమును చదివెను. 645లో 657 గ్రంథములతో చాంగాన్ చేరగా, వానిని భద్రపఱచుటకై 652లో నొక గోపురము కట్టిరి. దానిని పెద్ద అడవిబాతు గోపురమందురు. పలుమారులు మరమ్మతులై నేడది ఏడంతస్తులతో, 64 మీటర్ల యెత్తున నున్నది. చెల్లెలు దాని నీడన కూర్చుండి నాకు ఫోను చేసి, "అక్కా! మన అమరావతిని చూచిన కన్నులు ఈ యూరిని చూచినవి" యన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. మా యమ్మ మాత్రము ఫోను తీసికొని, "ఆయన మాత్రము ఇంట్లో చెప్పి బయలుదేరినాడా?" యని యడిగినది. లేదు. అప్పటి చక్రవర్తి ప్రజలు సరిహద్దు దాటరాదని శాసించియుండగా ఆయన రహస్యముగా వెడలెను. తిరిగివచ్చినపుడు చక్రవర్తియే ఆయనను గౌరవించెను. ఈ మాట చెప్పినపిమ్మట మా యమ్మ, "తిరిగివచ్చినాడు కనుక గౌరవించినారు" అని ముగించెను.

షియాన్ నుండి పింగ్యావ్ అను చిన్న పట్టణమునకు పోయినది. చుట్టును 6 కిలోమీటర్ల పైచిలుకు గోడ, లోపల నాలుగువందల యేండ్లనాటి వీధులు. చీనాలో హుండీ వ్యాపారపు తొలి కోఠీ 1823 ప్రాంతమున ఇచ్చటనే వెలసినది. వెండిని బండ్లమీద మోయుటకు మారుగా కాగితపు హుండీ వ్రాసియిచ్చి, దూరపుటూరిలో సొమ్ము చెల్లించెడివారు. చిక్కుడుకాయలవ్వ ఫోనునకు ఇదియే ముత్తవ్వ యని చెప్పవచ్చును! 1980ల తొలినాళ్లలో వీధులు వెడల్పు చేయుటకై ఈ యూరి పాతయిండ్లను పడగొట్ట నారంభింపగా, షాంఘైలోని తోంగ్జీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రువాన్ యీసాన్ అనునాయన అడ్డుపడి, పాతయూరిని యథాతథముగా నుంచి క్రొత్తయూరిని ప్రక్కన కట్టుడని పథకము గీసియిచ్చి కాపాడెను. 1997లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించెను. కాపాడినంతమాత్రమున చింత తీఱలేదు. 2021 అక్టోబరులో ఎడతెగని వానలకు కోటగోడలో కొంతభాగము కూలి, మరల కట్టవలసి వచ్చినది. పాతదానిని నిలుపుట యనగా ఏటేట దానికి కూలిపెట్టుట. మట్టిగోడ నెఱిగిన మనకీమాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

అచ్చటను చెల్లెలు ఊరక చూచి రాలేదు. పెద్దవీధిలో ప్రతియిల్లును అంగడియో, సత్రమో అయినదట. పాతకాలపు పట్టువస్త్రములు అద్దెకు కట్టుకొని చిత్రములు తీయించుకొను పడుచులే యెక్కువగా కనబడిరి. రాత్రి అంగడులు మూసిన తరువాత వెనుకసందులలో మాత్రమే ఇంటి కూర వాసన వచ్చెనట. "షాంఘైలో ఇల్లు పోయి మనుష్యులు మిగిలిరి. ఇక్కడ ఇండ్లు మిగిలి మనుష్యులు పలుచనైరి" అని వ్రాసెను. ఈ వాక్యమును మావారు తమ బడిలో పిల్లలకు చదివి వినిపించిరి.

అదే రాష్ట్రమున వూతాయ్ పర్వతప్రాంతమున ఫోగ్వాంగ్ అను బౌద్ధాలయము కలదు. బస్సులు మారి అచ్చటికి పోయినందులకు దానికి నేను ఋణపడియున్నాను. ఈ కథ మన పత్రిక చదువు సోదరీమణులు తప్పక వినదగినది. తాంగు కాలపు కొయ్యకట్టడములు చీనాలో నేవియు మిగులలేదని కొందఱు పండితులు నిశ్చయించియుండిరి. 1937లో లియాంగ్ సిచెంగ్ అను వాస్తుపండితుడును, ఆయన భార్య లిన్ హుయీయిన్‌యును కంచరగాడిదలపై కొండలు దాటి ఈ యాలయమును చేరిరి. దుమ్మును గబ్బిలములును నిండిన దూలములక్రింద పనిచేయుచుండగా, ఒక దూలము అడుగున మసకబారిన సిరాలిపిని లిన్ హుయీయిన్ కనుగొనెను. ఆమెకు దూరపుచూపు మిక్కిలి. కడిగి చదువగా అందు ఆలయమునకు ధనమిచ్చిన యొక స్త్రీ పేరు, నింగ్ గోంగ్‌యూ అని యుండెను. అదే పేరు వెలుపలి రాతిస్తంభము మీదను, 857వ సంవత్సరపు తేదీతో నుండెను. ఆలయము వయస్సు అట్లు తేలినది. ఆ దాత్రి మట్టివిగ్రహమొకటి లోపల నొక మూలను వినయముగా కూర్చుండియున్నది. వేయేండ్లు ఎవరును చదువని స్త్రీ పేరును మఱియొక స్త్రీ చదివెను!

ఈ లిన్ హుయీయిన్‌ను మనమెఱుగవలసిన కారణములింకను గలవు. 1924లో మన రవీంద్రనాథ ఠాకూరుగారు చీనాకు పోయినపుడు ఆయనకు దుబాసిగా నున్నవారిలో ఈమె యొకతె. ఆయన జన్మదినోత్సవమున ఆడిన "చిత్ర" నాటకమున చిత్రాంగద వేషము వేసినదియు నీమెయే. భారతకథలోని మన చిత్రాంగద చీనాపడుచుగా బీజింగులో నిలిచెనన్నమాట. పిమ్మట అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు వాస్తుశాస్త్రము చదువబోగా, ఆ శాఖలో స్త్రీలను చేర్చుకొనమనిరి. చిత్రకళాశాఖలో పేరు వ్రాయించుకొని వాస్తుపాఠములను చదివెను. రావలసిన పట్టమును ఆ విశ్వవిద్యాలయము 2024లో, ఆమె గతించిన 69 ఏండ్లకు, ఇచ్చెను.

కడపటి మజిలీ బీజింగు. 1950లో లియాంగుగారు మఱియొక వాస్తుపండితునితో కలిసి, పాతనగరమును విడిచి పడమట క్రొత్త పరిపాలనా కేంద్రమును కట్టుడని ప్రభుత్వమును కోరిరి. లిన్ హుయీయిన్‌యు కోటగోడల కొఱకు వాదించెను. ఫలింపలేదు. ఆమె 1955లో మరణించెను. 1950, 60లలో గోడలు చాలవఱకు నేలమట్టమైనవి. నేడు ఆ గోడల త్రోవనే భూగర్భపు రైలు చుట్టి తిరుగును. స్టేషనుల పేర్లలో చాలవానికి చివర "మెన్" అని యుండును. మెన్ అనగా ద్వారము. ద్వారములు పోయినవి, పిలుపులు మాత్రము మిగిలినవి. ఆ దంపతులు 1930లలో కాపురమున్న యిల్లును 2012లో పడగొట్టిరి.

బీజింగు పాతసందులను హూతోంగులందురు. అందలి యిల్లు నడుమ ముంగిలి, నాలుగువైపుల గదులు. ఆ పటమును చెల్లెలు పంపగా మావారు చూచి, "ఇది మన మండువా లోగిలియే గదా!" యనిరి. నిజమే. ఆకాశము ఇంటిలోనికి దిగివచ్చునట్లు కట్టిన యిల్లు. అయితే ఆ లోగిళ్లలోను ఇపుడు గదికొక కుటుంబము. పలువురకు సందుచివరనున్న ఉమ్మడి మరుగుదొడ్డియే శరణ్యము.

ఇక మా యింటి సంగతి. గోదావరి ప్రాంతమున మా యత్తవారి యూర నొక మండువా లోగిలి యున్నది. మా యత్తగారొక్కరే, తోడుగా నొక పనిమనిషితో అందున్నారు. దానిని మేడలు కట్టువారికిచ్చివేసినచో అన్నదమ్ములు ముగ్గురకును తలకొక వాటా వచ్చునని గత సంక్రాంతినాడు మా బావగారు ప్రస్తావించిరి. మా మఱదియు సరే యనిరి. మావారు, "నాయనగారు తిరిగిన యిల్లు, కూల్చనీయను" అనిరి. నేనును మావారి పక్షమే. పాతది పవిత్రమని చదివి పెరిగినదానను గదా! పండుగ మూడుదినములును ఈ చర్చతో చేదెక్కినవి. అందఱమును మాటలాడితిమి. మాటలాడనివారు అత్తగారొక్కరే. ఆమె నడుగవలెనని మాలో నెవరికిని తోచలేదు.

చెల్లెలు తిరిగి వచ్చిన వారమునకు మా యత్తగారు మా యింటికి వచ్చిరి. చెల్లెలు ఫోనులోని చిత్రములన్నియు ఆమెకు చూపెను. మబ్బుల మేడను చూచి, "ఇంత యెత్తున నీళ్లెట్లా ఎక్కుతాయమ్మాయీ?" అనిరి. హూతోంగు ముంగిలి చూచి, "మరి ముసలివాళ్లు రాత్రిపూట ఎక్కడికి పోతారు?" అనిరి. రాజులు, గోడలు, గోపురములు ఆమె కక్కఱలేదు. నలువది దినములలో చెల్లెలికి ఆ యడిగిన రెండు ప్రశ్నలు మొదట తోచనే లేదు. అప్పుడు చెల్లెలు ఆ షాంఘై వృద్ధురాలి కొయ్యతొట్టి కథ చెప్పెను.

అత్తగారు చాలసేపు ఊరకుండిరి. తరువాత నావైపు తిరుగక, గోడవైపు చూచుచు, "పోయిన వానాకాలం దొడ్లోకి పోతూ మెట్టుమీద జారి పడ్డాను. నలభై అడుగులు, చీకటి. సుబ్బరంగా నడుం పట్టేసింది. చెబితే ఇల్లు అమ్మేస్తారని చెప్పలేదు. చెప్పకపోతే ఆ మెట్లు ఎవరికీ కనపడవు" అనిరి.

సోదరీమణులారా! ఆ మాట విని నాకు కలిగిన సిగ్గు ఇంతయంత కాదు. ఇల్లు నిలుపవలెనని వాదించిన నేను, ఆ యింట స్నానపుగది పెరటిచివర నున్నదని పదునాఱేండ్లుగా నెఱిగియు, పండుగకు పోయిన నాలుగుదినములు ఓర్చుకొని వచ్చుచుంటిని గాని, సంవత్సరమంతయు నచ్చట నుండునది ఎవరో తలపలేదు. నేను ఛాయాచిత్రము తీయలేదు, అంతే భేదము. "మఱి క్రొత్తమేడలో నొక వాటా తీసికొని యుండెదరా, అత్తగారూ?" యని యడిగితిని. "మండువాలో కూర్చుంటే వీధిలో పోయేవాళ్లు నలుగురు పలకరిస్తారు. ఆ గదుల్లో నన్నెవరు పలకరిస్తారే? నాకు ఇల్లూ కావాలి, దొడ్డీ కావాలి" యనిరి. చెల్లెలును నేనును ఒకరిమొగమొకరు చూచుకొంటిమి. షాంఘై సందులోని వృద్ధురాలి మాటయే, వేయిక్రోసుల దూరమున, వేఱుభాషలో!

ఆ రాత్రియే మావారు అన్నగారికి ఫోను చేసిరి. అమ్మవలసినదా, నిలుపవలసినదా అను ప్రశ్నను అత్తగారున్నంతకాలము ఎత్తరాదని ముగ్గురును ఒప్పుకొనిరి. ఆమె పడకగది నానుకొని స్నానపుగదియు మరుగుదొడ్డియు, మెట్టులేని గడప, పట్టుకొనుటకొక ఇనుపకమ్మి, రాత్రి వెలుగు దీపము. వ్యయము మూడువాటాలు. మా వాటాకై నేను గాజులకని దాచిన సొమ్మును తీసితిని. కప్పు పెంకుటికప్పుగనే యుండును. మండువా కదలదు. పని ఈ నెలలోనే మొదలైనది.

మహానగరము మేలా, పాతపట్టణము మేలా యని చెల్లెలినడిగితిని. "ఏ యూరికి పోయినను మొదట నీళ్లు మోయునదెవరో చూడుమని ఇప్పుడు నాకు తెలిసినదక్కా" యన్నది. మబ్బులనంటు మేడలోనైనను మనుష్యుడు మనుష్యుని పలుకరింపనిచో అది గిడ్డంగి. వేయేండ్ల లోగిలియైనను అందలి యాడుది చీకటిలో జారిపడుచున్నచో అది కేవలము చూపుడు బొమ్మ. ఊరెంత ప్రాచీనమో, ఎంత నవీనమో కొలుచుటకు నాకింతకంటె మంచి కొలబద్ద కనబడలేదు.

ఈ సంచిక చేతికందిన దినమున మీయింట వృద్ధురాలెవరైన నుండినచో, ఆమె రాత్రివేళ ఎన్ని యడుగులు నడచునో ఒక్కసారి మీరే నడచి లెక్కపెట్టి చూడుడు. అడిగిన చెప్పరు. నడచిన తెలియును. మా యమ్మ మాత్రము చెల్లెలి సంచిని అటకమీద పెట్టించినది. మా చెల్లెలు మొన్న నిచ్చెన యెక్కడనున్నదని నన్ను మెల్లగా నడిగినది.

వచ్చే నెలలో మరల కలిసికొందము.